ఐపీ పెట్టాక ఖాతాలో పడ్డ రీఫండ్ ఎవరిది?

ప్రశ్న: అంబర్‌పేటలో ఉంటాను. ఇంటీరియర్ పనులు కాంట్రాక్టుకు చేసేవాణ్ణి. కరోనా దెబ్బకు పనులు ఆగిపోయి అప్పులపాలయ్యాను. 2023 ఫిబ్రవరిలో సిటీ సివిల్ కోర్టులో ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాను. 2024 ఆగస్టులో నన్ను దివాలాదారుగా ప్రకటిస్తూ ఆర్డరు ఇచ్చి, డిశ్చార్జి (పాత అప్పుల నుంచి విముక్తి) కోసం దరఖాస్తు చేసుకోవడానికి రెండేళ్ల గడువు పెట్టారు. ఇప్పుడు ఒక షాపులో సూపర్‌వైజరుగా జీతానికి చేస్తున్నాను. 2025 నవంబరులో నా జీతం ఖాతాలో ₹1,12,484 పడింది. 2022-23 అసెస్‌మెంట్ ఏడాది టీడీఎస్ రీఫండ్ అట. పాత ఆడిటర్ ఎప్పుడో పెట్టిన రెక్టిఫికేషన్ (లెక్కలో తప్పు సరిదిద్దమనే దరఖాస్తు) ఇప్పుడు క్లియర్ అయిందన్నారు. ఆ సంగతే నాకు గుర్తు లేదు, ఐపీ కాగితాల్లో చూపించలేదు. పాప కాలేజీ ఫీజుకు ₹22,000 వాడేశాను. మిగతాది డ్రా చేసి ఇంట్లో పెట్టుకోమని బావమరిది అంటున్నాడు. నాకేమో ప్రోనోటు మీద రెండు లక్షలు ఇచ్చిన మేనమామకు ముందు ఇవ్వాలని ఉంది. ఈ డబ్బు నాదేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఇది చదివాక మీరు చేయాల్సిన మొదటి పని, మిగిలిన ₹90,484 ముట్టుకోకుండా ఉండటం. అదే ఖాతాలో జీతం కూడా పడుతోంది కాబట్టి, ఇంటి ఖర్చులు పోను బ్యాలెన్సు ఆ మొత్తానికి కిందికి దిగకుండా చూసుకోండి. రీఫండ్ ఏదో జీతం ఏదో తర్వాత విడదీసి చూపించడం చాలా కష్టం.

ఈ డబ్బు మీ పేరున వచ్చినా, ఈరోజు మీది కాదు. మీ కేసు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ యాక్ట్ కింద నడుస్తోంది. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది కదా అని చాలామంది అడుగుతుంటారు. అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు సొంత పూచీ ఇచ్చినవాళ్లకు మాత్రమే అమల్లోకి తెచ్చారు. మీలా సొంతంగా పని చేసుకుని అప్పుల్లో పడ్డవాళ్లకు ఇప్పటికీ పాత చట్టమే గతి.

ఆ చట్టంలోని సెక్షన్ 28 మీకు వర్తిస్తుంది. దివాలా ఆర్డరు వచ్చిన క్షణం నుంచి మీ ఆస్తంతా కోర్టుకు గానీ, ఆస్తి చూసుకోవడానికి కోర్టు నియమించే రిసీవరుకు గానీ దఖలు పడుతుంది. ఆర్డరు తర్వాత, డిశ్చార్జి వచ్చేలోగా మీకు కొత్తగా ఏది సంక్రమించినా అదీ అంతే. పైగా ఆ ఆర్డరు పిటిషన్ వేసిన తేదీ నుంచే, అంటే 2023 ఫిబ్రవరి నుంచే, అమల్లో ఉన్నట్టు లెక్క. 2022-23 అసెస్‌మెంట్ ఏడాది అంటే 2021-22 ఆదాయం లెక్క కాబట్టి, మీ టీడీఎస్ 2021-22లో చేసిన పనుల బిల్లుల్లోంచి కోసిన పన్ను. దాన్ని తిరిగి పొందే హక్కు ఐపీ పెట్టడానికి ముందే మీకుంది, డబ్బు చేతికి రావడమే ఆలస్యమైంది. కాబట్టి ఖాతాలో ఏ రోజు పడిందన్న దానితో సంబంధం లేకుండా ఇది అప్పులవాళ్లకు పంచాల్సిన ఆస్తిలో భాగం. రేపు డిశ్చార్జి వచ్చిన తర్వాత పడి ఉన్నా, నేను ఇదే మాట చెప్పేవాణ్ణి.

మీ జీతం సంగతి వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. జప్తుకు అందనిది రిసీవరుకూ అందదు. సూపర్‌వైజరు జీతంలోంచి ఎక్కువ టీడీఎస్ కోసి అది వెనక్కి వచ్చి ఉంటే, అదీ జీతమేనని వాదించడానికి చోటుండేది. కాంట్రాక్టు బిల్లుల టీడీఎస్‌కు ఆ వాదన నిలబడదు.

కాగితాల్లో చూపించలేదన్న భయం గురించి చెబుతాను. తెలియక వదిలేయడం ఒకటి, తెలిసి దాచడం ఇంకొకటి. సెక్షన్ 22 ప్రకారం ఆస్తుల జాబితా ఇచ్చి రిసీవరుకు సహకరించడం మీ బాధ్యత. బుద్ధిపూర్వకంగా దాన్ని తప్పినా, అప్పులవాళ్లకు దక్కకూడదని మోసంతో ఆస్తిని మాయం చేసినా సెక్షన్ 69 కింద ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. మీరు ఇంకా ఆ గీత దాటలేదు. బావమరిది చెప్పినట్టు డ్రా చేసి బీరువాలో పెడితే మాత్రం దాటినట్టే.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికొచ్చిన ఒక పెద్దమనిషి అలాగే చేశాడు. ఇన్సూరెన్సు డబ్బు పడితే నాలుగు రోజుల్లో ఆరుసార్లు ఏటీఎంకు వెళ్లి మొత్తం తీసేశాడు. పురానీ హవేలీ కోర్టులో అవతలి వకీలు బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని తేదీ, టైము, మొత్తం ఒక్కొక్క వరుసే చదువుతుంటే ఆయన తల ఎత్తలేకపోయాడు. డబ్బు ఎలాగూ కట్టాడు. డిశ్చార్జి మాత్రం ఏళ్ల తరబడి వెనక్కి పోయింది. మీ పాసుబుక్కులో కూడా ‘ట్యాక్స్ రీఫండ్’ అన్న మాట, అసెస్‌మెంట్ ఏడాదితో సహా అచ్చయి ఉంటుంది. అది ఎవరి కంటా పడదనుకోవద్దు.

మేనమామ విషయంలో మీ మనసు నాకు అర్థమవుతోంది. కష్టంలో చేబదులు ఇచ్చినవాణ్ణి వదిలి బ్యాంకులకు పంచడమా అనిపిస్తుంది. కానీ మీది కాని డబ్బు ఆయన చేతిలో పెడితే, రిసీవరు ఆయన మీద పిటిషన్ వేసి తిరిగి రాబట్టవచ్చు. ఆ వయసులో ఆయన్ని కోర్టు మెట్లు ఎక్కించినవాళ్లవుతారు. ఆయనకు మీరు చేయగల మేలు వేరే ఉంది. కోర్టులో ఉండే అప్పులవాళ్ల జాబితాలో (షెడ్యూల్) ఆయన పేరుందో లేదో చూడండి. లేకపోతే ప్రోనోటు నకలు జతచేసి, బాకీ నిజమేనని అఫిడవిట్ రాసి కోర్టులో దాఖలు చేయమనండి. సెక్షన్ 49 అందుకు ఒప్పుకుంటుంది. మీకు డిశ్చార్జి రాకముందు ఎప్పుడైనా ఆయన అలా రుజువు చేసుకోవచ్చు. మిగతా అప్పులవాళ్లతో పాటు ఆయన వంతు ఆయనకు వస్తుంది.

ఇప్పుడు మీరు నడవాల్సిన దారి చెబుతాను. ముందు ఆడిటర్ దగ్గర రెక్టిఫికేషన్ ఆర్డరు కాపీ తీసుకోండి. రీఫండ్ నిజంగా మీకు రావాల్సిందేనా, లెక్క తప్పి ఎక్కువ పడిందా అన్నది అందులో తేలుతుంది. ఎక్కువ వస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు వడ్డీతో వెనక్కి అడుగుతారు. మీరు చెప్పిన మొత్తాన్ని బట్టి నా అంచనా ఇది: అసలు ₹92,200, దాని మీద సెక్షన్ 244ఏ కింద నెలకు అర శాతం చొప్పున 2022 ఏప్రిల్ నుంచి 44 నెలల వడ్డీ ₹20,284. లెక్క సరిగ్గా కుదురుతోంది. ఆ వడ్డీ అసలు వెంటే రిసీవరుకు పోతుంది. అయినా అది ఈ ఏడాది ఆదాయమే కాబట్టి మీ రిటర్నులో చూపించాలి.

తర్వాత మీ వకీలు చేత రిసీవరుకు రాతపూర్వకంగా తెలియజేయించి, కోర్టులో అఫిడవిట్‌తో మెమో వేయించండి. రీఫండ్ ఎలా వచ్చిందో, ముందు ఎందుకు చూపలేదో, ఫీజుకు ఎంత వాడారో దాచకుండా రాయండి. కాలేజీ రసీదు జతచేయండి. రిసీవరుకు నగదు ఇవ్వకండి. కోర్టు చెప్పినట్టు డీడీ తీసి ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి.

అదే రోజు ఇంకో పిటిషన్ కూడా వేయించండి. దివాలాదారు, అతని కుటుంబం బతకడానికి ఆస్తిలోంచి కొంత భత్యం ఇచ్చే అధికారం సెక్షన్ 66 కోర్టుకు ఇచ్చింది. ఈ సెక్షన్‌ను మన వకీళ్లు చాలా తక్కువగా వాడతారు, నాకది బాధ. వాడేసిన ₹22,000ను ఆ భత్యం కింద సర్దమనీ, పాప వచ్చే ఏడాది ఫీజుకు కొంత విడిచిపెట్టమనీ అడగండి. ఇస్తారని హామీ ఇవ్వలేను. కానీ డబ్బు తనంతట తాను తెచ్చి అప్పగించినవాడు అడిగితే కోర్టు వినే తీరు వేరుగా ఉంటుంది.

మీ డిశ్చార్జికి కూడా ఈ డబ్బు పనికొస్తుంది. తనఖా లేని మామూలు అప్పుల్లో రూపాయికి ఎనిమిదణాలైనా, అంటే సగమైనా, ఆస్తులు లేకపోతే, అది తన చేతిలో లేని కారణాల వల్లేనని దివాలాదారు రుజువు చేసుకోవాలని సెక్షన్ 42 అంటుంది. చట్టంలో మాట అదే, ఎనిమిదణాలు. మీ లెక్కలో లక్ష రూపాయలు పెరిగితే ఆ గీతకు అంత దగ్గరవుతారు. దానికి మించి, మీ నడవడి మీద రిసీవరు ఇచ్చే రిపోర్టులో ‘రీఫండ్ గురించి స్వయంగా తెలియజేశారు’ అన్న వాక్యం ఉంటుంది.

మీ రెండేళ్ల గడువు 2026 ఆగస్టుతో ముగుస్తుంది. ఆలోగా డిశ్చార్జి దరఖాస్తు పడకపోతే సెక్షన్ 43 కింద దివాలా ఆర్డరే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ ఇంటిమీదికి వస్తారు. గడువు పొడిగించమని అడగవచ్చు గానీ, అందాకా తెచ్చుకోకండి. రీఫండ్ మెమో వేసే రోజే డిశ్చార్జి దరఖాస్తు ఎప్పుడు వేస్తారో మీ వకీలును అడిగి, ఆ తేదీ క్యాలెండరులో రాసుకోండి.