సూడాన్‌లో పనిచేస్తానంటున్న అమ్మాయికి దారేది?

ప్రశ్న: రామచంద్రపురం దగ్గర మాకు చిన్న రైస్ మిల్లు ఉంది. అమ్మాయి బీకాం చివరి సంవత్సరం. సూడాన్‌లో తిండికి అల్లాడుతున్న పిల్లల వీడియోలు చూసి, అక్కడికెళ్లి పనిచేస్తానంటోంది. బ్యాంకు కోచింగ్ వద్దంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: రేపే విమానం ఎక్కేస్తుందని భయపడకండి. అనుభవం లేనివాళ్లను యుద్ధం జరిగే చోటికి పేరున్న సంస్థలు పంపవు. ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమంలోనూ ఎక్కువమంది ఆయా దేశాల వాళ్లే.

అమ్మాయి వీడియోలో చూసింది తిండి పంచే చేతుల్ని. వెనకాల జరిగేదంతా మీ మిల్లులో పనే: బస్తాలు, కాటా, తేమ, లారీ కిరాయి, స్టాక్ రిజిస్టరు. మనిషికి రోజుకు 2,100 కిలోకేలరీల చొప్పున ధాన్యం, పప్పు, నూనె, ఉప్పు ఎంత కావాలో లెక్క కడతారు. లెక్క తేలికే, చేర్చడమే గండం. 2023 ఏప్రిల్‌లో సూడాన్ సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికీ యుద్ధం మొదలైంది. 2024 ఆగస్టులో పశ్చిమ సూడాన్‌లోని డార్ఫుర్ ప్రాంతంలో, ఇళ్లు వదిలొచ్చినవాళ్లు తలదాచుకున్న జమ్‌జమ్ శిబిరంలో కరువు వచ్చిందని నిర్ధారించారు. అదే నెలలో పొరుగు దేశం చాద్ వైపు అద్రే సరిహద్దు దారి తెరిచారు గానీ, వానలకు వాగులు పొంగి లారీలు ఆగిపోయాయి. వరదల్లో లంకలకు పడవల మీద బియ్యం పంపే మనవాళ్లకు ఈ అవస్థ వేరే చెప్పాలా? కాకపోతే ఇక్కడ పడవకు అడ్డంగా తుపాకీ పట్టుకుని ఎవరూ నిలబడరు.

అందుకే బ్యాంకు కోచింగ్‌కి బలవంతం చేయకండి, బీకాం మాత్రం పూర్తి చేయించండి. ఈ దాళ్వాకి గోదాం లెక్కలు అమ్మాయికే అప్పగించండి. ఆ దుమ్ములో, హమాలీలతో వేగలేకపోతే సంగతి మీ కళ్లముందే తేలిపోతుంది. నిలబడితే పీజీలో సప్లై చెయిన్, అంటే సరుకు కొనడం, నిల్వ, చేరవేత చూసే చదువు, చదివించండి. ముంబయి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ కూడా ఉంది. నా ఓటు మాత్రం మొదటిదానికే. వరదలొచ్చినప్పుడు రెడ్‌క్రాస్ వాళ్లతో పనిచేయనివ్వండి. భాషల్లో అరబిక్ నేర్చుకుంటే సూడాన్, యెమెన్‌లలో పనికొస్తుంది, ఫ్రెంచ్ అయితే చాద్, కాంగోలలో. ఐరాస వాలంటీర్ల కార్యక్రమంలో 18 నుంచి 26 ఏళ్లవాళ్లకు యూత్ కేటగిరీ ఉంది, అందులో పేరు నమోదు చేసుకోమనండి.

ఇంకోటి. ఐరాస ఉద్యోగాలకు దరఖాస్తు ఫీజు ఉండదు. లక్షిస్తే పోస్టింగ్ ఇప్పిస్తామనే ఏజెంటు ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి.