వదులు ఎక్కడుందో చూశాకే స్పానర్ పట్టు

అమ్మడూ,

పడవ వెనక తగిలించే పాత అవుట్‌బోర్డ్ మోటార్ స్టీరింగ్ లూజు అయిందని, నువ్వే విప్పి బాగుచేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ పూటంతా కనపడినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో చెబితే సగం విని "సరే పెదనాన్నా" అంటావు, అందుకే రాస్తున్నాను.

ప్లగ్ వైర్లు పీకెయ్, బ్యాటరీ వైరు తీసెయ్. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సిందల్లా దీని తర్వాతదే. పడవ నేల మీద కదలకుండా ఉండగా మోటార్‌ని నిటారుగా దించు. స్టీరింగ్‌ని ఒకరిని గట్టిగా పట్టుకోమని, నువ్వు ప్రొపెల్లర్ కిందుండే రెక్కని పట్టుకుని ఎడమకీ కుడికీ ఊపు. ఊపుతూ రెండో చేతి వేలిని స్వివెల్ బ్రాకెట్ (మోటార్ ఎడమకీ కుడికీ తిరిగేందుకు దాని స్టీరింగ్ షాఫ్ట్‌ని పట్టుకుని ఉండే దిమ్మ) కింది అంచున, ఆ షాఫ్ట్ బయటికొచ్చే చోట, సగం బ్రాకెట్ మీద సగం షాఫ్ట్ మీద ఆనించు. షాఫ్ట్ పక్కకి జరిగితే వేలికి టక్కుమని తెలుస్తుంది. అలా తెలిస్తే లోపలి బుష్‌లు, అంటే షాఫ్ట్ చుట్టూ గొట్టంలా ఉండి అరుగుదల తీసుకునే ముక్కలు, అరిగినట్టే. పైన కూడా అలాగే చూడు, కానీ చాలాసార్లు ముందు పోయేది కింది బుష్. నీళ్లు ఎక్కువ తగిలేదీ, ప్రొపెల్లర్ తోపు ఎక్కువ పడేదీ అదే.

షాఫ్ట్ కదలకుండా ఇంజిన్ మాత్రం ఊగుతుంటే, అదురు తగ్గించే రబ్బరు మౌంట్లు మెత్తబడ్డాయి. స్వివెల్ బ్రాకెట్ మొత్తం జరుగుతుంటే మోటార్‌ని పైకి లేపేటప్పుడు ఇరుసుగా ఉండే టిల్ట్ ట్యూబ్ దగ్గరి బుష్‌లు చూడు. పడవ వెనక పలక మీద బిగించిన క్లాంపే కదిలితే బోల్టులు, లేదా పలక లోపల చెక్క కుళ్లి ఉంటుంది. మోటార్ పక్కకి జరగకుండా కొంచెం తిరిగి ఆగుతుంటే, స్టీరింగ్ కేబుల్‌ని మోటార్‌కి కలిపే చివరి లింకు నట్టు వదులైనట్టు. ఇన్నిటికీ పైకి కనిపించే రోగం ఒకటే. ఏదో తేలకుండా బుష్‌లు కొన్నావనుకో, డబ్బు దండగ.

ఇప్పుడు మీ నాన్న సంగతి. అతను ఈ కథని నవ్వుతూ చెబుతాడు, నాకు మాత్రం నవ్వు రాదు. అప్పట్లో అతనిది చేతి హ్యాండిల్ మోటార్. అది ఇలాగే వదులైతే, స్టీరింగ్ బరువు సర్దుకోడానికి ఉండే ఫ్రిక్షన్ స్క్రూని చేతనైనంత బిగించేశాడు. హ్యాండిల్ బిర్రుగా అయింది. "చూశావా అన్నయ్యా, లూజు పోయింది" అన్నాడు. పోలేదు. బుష్ అరిగే ఉంది, స్క్రూ దాన్ని కనపడకుండా చేసింది, అంతే. స్పీడు అందుకోగానే మోటార్ కాలు, అంటే నీళ్లలో ఉండే కింది భాగం, వణకడం మొదలైంది. తిప్పబోతే హ్యాండిల్ రాలేదు. రెండు చేతులతో లాగాడు, ఒక్కసారిగా వచ్చేసింది. పడవ గిర్రున తిరిగి ఇతన్ని నీళ్లలోకి విసిరేసింది. ఇంజిన్ ఆగాలిగా? ఆగలేదు. మనిషి పడిపోతే ఇంజిన్ ఆపడానికి చేతికి తగిలించుకోవాల్సిన కిల్ స్విచ్ తాడు హ్యాండిల్‌కే వేలాడుతోంది. బిర్రుగా ఉన్న స్టీరింగ్ తిరిగినచోటే నిలిచిపోయింది, ఖాళీ పడవ అక్కడే గుండ్రంగా తిరుగుతోంది, ప్రొపెల్లర్ ప్రతి చుట్టులోనూ అతని పక్కనుంచే పోతోంది. నేను వెనక పడవలో ఉన్నాను. అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. మునిగీ ఈదీ ఎలాగో ఆ చుట్టులోంచి బయటపడ్డాడు. కథ చెప్పేటప్పుడు ఆ తాడు సంగతి మాత్రం మింగేస్తాడు, నువ్వే అడుగు.

కాబట్టి ఆ స్క్రూ జోలికి వెళ్లావంటే నాతో మాట్లాడకు. తల్లీ, కోపం కాదు.

బుష్‌లే అని తేలితే మోటార్‌ని పడవ మీంచి దించక తప్పదు. 40 హార్స్‌పవర్‌ది కూడా 70 కిలోలు దాటుతుంది. ఇద్దరం ఉన్నాంగా అని చేతులతో ఎత్తొద్దు. పైకి లేపిన మోటార్‌ని ఆపి ఉంచే టిల్ట్ లాక్‌ని నమ్మి మోటార్ కింద చేతులు పెట్టొద్దు. మాన్యువల్‌లో చూపిన చోట కొక్కెం తగిలించి చైన్ బ్లాక్‌తో ఎత్తు. కింది యోక్‌ని (షాఫ్ట్ అడుగున మోటార్ కాలుని పట్టుకునే ముక్క) షాఫ్ట్ నుంచి లాగే ముందు రెండిటి మీదా ఒకే గీత గీసుకో, రెండూ కలిసే పళ్లలో ఒక్కటి తప్పినా స్టీరింగ్ ఒక పక్కకి వస్తుంది. స్టీలు షాఫ్టూ అల్యూమినియం బ్రాకెట్టూ ఉప్పునీటిలో కలిసి ఏళ్లు గడిపితే తుప్పు బూడిదలా పట్టి అతుక్కుపోతాయి. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలెయ్. సుత్తితో బాదితే బ్రాకెట్ పగులుతుంది.

షాఫ్ట్ బయటికొచ్చాక బ్రాకెట్ రంధ్రం కోలగా అరిగిందేమో కొలువు. కోలగా ఉంటే కొత్త బుష్ నెల రోజులు కూడా నిలబడదు, లేత్ మీద బోర్ చేసి స్లీవ్ వేయించాలి, లేదంటే బ్రాకెట్టే మార్చాలి. డబ్బా రేకు కత్తిరించి ఖాళీ పూడ్చే షిమ్‌గా దూర్చే విద్య మీ నాన్న దగ్గర నేర్చుకోకు.

బిగించాక మెరైన్ గ్రీజునే వాడు. పాత గ్రీజు కిందా పైనా బయటికొచ్చి, కొత్తది కనపడేదాకా కొట్టు. ఒక చివరే వస్తుంటే దారిలో ఎండిన గ్రీజు అడ్డుపడింది, గ్రీజు ఎక్కించే నిపుల్ విప్పి శుభ్రం చెయ్. కేబుల్ లింకుకి తీసిన నైలాన్ నట్టు మళ్లీ వాడొద్దు, కొత్తది వెయ్.

బుష్‌లు ఆర్డర్ చేసే ముందు మోటార్ నంబర్ ప్లేటు ఫోటో నాకు పంపు. ఆ ప్లేటు సాధారణంగా బ్రాకెట్ మీదే ఉంటుంది, నీకంటే ముందువాళ్లు బ్రాకెట్ మార్చి ఉంటే నంబర్ ఒక మోటార్‌ది, ఇంజిన్ ఇంకోదాందీ అవుతుంది. మొదటిసారి నీళ్లలోకి తీసుకెళ్లేటప్పుడు నెమ్మదిగా నడుపు, తాడు చేతికి కట్టుకో, నేను వచ్చేదాకా ఆగగలిగితే ఇంకా మంచిది.

మీ పెదనాన్న