బ్రౌజర్‌లో తెలుగు పెట్టుకున్నా సైట్లు కన్నడంలో ఎందుకు తెరుచుకుంటాయి? వద్దన్న పెట్టెలు మళ్లీ ఎందుకు వస్తాయి?

బ్రౌజర్‌లో తెలుగును మొదటి భాషగా పెట్టినా బెంగళూరులో సైట్లు కన్నడంలో వస్తున్నాయని, నోటిఫికేషన్లు, కుకీలు (సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచార ముక్కలు) వద్దని చెప్పినా అవే పెట్టెలు తిరిగి వస్తున్నాయని మీరు అడిగారు. ఈ ఊళ్లోనే వెబ్‌సైట్లను పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను కనుక ఈ రెండింటినీ అటువైపు నుంచి కూడా చూశాను.

నిరుడు మా నాన్నగారు అనంతపురం నుంచి మారతహళ్లిలోని మా ఇంటికి వచ్చినప్పుడు, ల్యాప్‌టాప్‌లో భాషల జాబితాలో తెలుగును పైన, ఇంగ్లీషును దాని కింద పెట్టి ఇచ్చాను. ఆయన ఒక బిల్లుల సైటు తెరిచి, కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని, "అక్షరాలన్నీ తెలిసినట్టే ఉన్నాయి గానీ మాట ఒక్కటీ అందడం లేదు రా" అన్నారు. అది కన్నడ పేజీ. బ్రౌజర్ పేజీని అడిగిన ప్రతిసారీ ఆ జాబితాను సైటుకు పంపుతూనే ఉంటుంది. బ్రౌజర్లు, సైట్లు మాట్లాడుకునే పద్ధతిని నిర్ణయించిన 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంలోనే ఈ ఏర్పాటు ఉంది. అయితే అది విన్నపం మాత్రమే. ఆ సైటు దాన్ని పక్కన పెట్టి, ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే నంబరును) బట్టి ఊరిని ఊహించి, ఊరిని బట్టి భాషను నిర్ణయించినట్టుంది. ఇలాంటి లోపాన్ని మా ఆఫీసులో నేను రాసి ఇస్తే, కావాలనే అలా చేశామన్న జవాబుతో మూసేశారు.

విన్నపంగా పంపే సెట్టింగులకు పట్టే గతి చూడాలంటే 'డు నాట్ ట్రాక్' (నా కదలికలను వెంబడించవద్దు అని సైట్లకు చెప్పే సెట్టింగు) చరిత్ర చాలు. 2011లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లోకి వచ్చిన ఆ సెట్టింగును పాటించి తీరాలన్న నిబంధన లేకపోవడంతో అత్యధిక సైట్లు పట్టించుకోలేదు; 2019లో వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ బృందం ఆ పనిని మూసివేసింది, అదే ఏడాది యాపిల్ బ్రౌజర్ సఫారీ ఆ సెట్టింగును తొలగించింది. ఆ తర్వాత వచ్చిన 'గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్' కూడా, నా సమాచారాన్ని అమ్మవద్దు, పంచుకోవద్దు అని బ్రౌజర్ పంపే సంకేతమే, కానీ కాలిఫోర్నియాలో దాని వెనుక చట్టం ఉంది. దాన్ని పట్టించుకోలేదన్న ఆరోపణతో సహా వచ్చిన కేసులో 2022లో సౌందర్య సాధనాలు అమ్మే సెఫోరా సంస్థ 12 లక్షల డాలర్లు కట్టింది.

నోటిఫికేషన్ల సంగతి వేరు, అక్కడ తాళం బ్రౌజర్ చేతిలోనే ఉంది. దాని అసలు పెట్టెలో మీరు 'బ్లాక్' నొక్కితే సైటు మళ్లీ అడగలేదు. అందుకే చాలా సైట్లు ముందుగా సొంత పెట్టె ఒకటి గీసి, అందులో 'సరే', 'తర్వాత' అన్న రెండు బటన్లే పెడతాయి. నేను పరీక్షించిన ఒక పెట్టెకు 'వద్దు' అన్న బటన్ డిజైన్‌లోనే లేదు. 'తర్వాత' నొక్కితే మీ నిరాకరణ బ్రౌజర్ దాకా చేరదు. కాబట్టి వింతగా అనిపించినా ఆ పెట్టెలో 'సరే' నొక్కి, వెనువెంటనే వచ్చే అసలు పెట్టెలో 'బ్లాక్' నొక్కండి. బ్రౌజర్ నిరాకరించిందని తెలిశాక చాలా సైట్లు తమ పెట్టెను కూడా మానేస్తాయి.

కుకీల పెట్టె విషయంలో మాత్రం తప్పు ప్రతిసారీ సైటుది కాదు. మీరు చెప్పిన 'వద్దు'ను గుర్తుంచుకోవడానికి సైటు సాధారణంగా ఒక కుకీనే వాడుతుంది. బ్రౌజర్ మూసినప్పుడల్లా కుకీలన్నీ చెరిగిపోయేలా పెట్టుకుంటే ఆ జవాబు కూడా చెరిగిపోతుంది. నేను చాలాకాలం ఇలాగే నా చేతులతో చెరిపేసి సైట్లను తిట్టుకున్నాను. రోజూ వాడే సైట్లకు ఆ సెట్టింగులోనే మినహాయింపు ఇవ్వవచ్చు.

అయినా విసిగించే సైటు మన దేశంలో వ్యాపారం చేసేదైతే, 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వెలువరించిన మార్గదర్శకాలు నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో పదేపదే అడిగి విసిగించడమూ ఒకటి.

భాష విషయానికి వస్తే, మొదట సైటులోనే భాష ఎంచుకునే చోటు వెతకండి, లాగిన్ అయి మార్చితే ఆ ఎంపిక మీ ఖాతాలో నిలిచే అవకాశం ఎక్కువ. మా నాన్నగారికైతే ఆ సైటు తెలుగు పేజీ చిరునామాను బుక్‌మార్క్ చేసి ఇచ్చాను. అక్కడి నుంచి తెరిస్తే ఇంతవరకూ కన్నడంలోకి మారలేదు.