డెస్క్‌టాప్ ఫ్యాన్ బాగా శబ్దం చేస్తోంది. ఫ్యాన్ మార్చాలా, సిస్టమే మార్చాలా?

ప్రశ్న అడిగినాయన తనది నాలుగేళ్ల డెస్క్‌టాప్ అనీ, ఆన్ చేసిన దగ్గర్నుంచి మోగుతూనే ఉందనీ, చూపిస్తే షాపువాళ్లు "కొత్తది తీసుకోండి సార్" అన్నారనీ రాశారు. నన్నడిగితే రెండూ మార్చొద్దు. ముందు ఆ డబ్బా పక్కన నేలమీద చతికిలబడి కూర్చోండి. ఎందుకు చెప్తున్నానంటే, కుర్చీలోంచి లేవకుండా నిర్ణయాలు తీసుకుని మూడు వేలకు పైగా తగలేసినవాణ్ని నేను.

నేను చిక్కడపల్లిలో డీటీపీ చేస్తాను. పెళ్లికార్డులు, కరపత్రాలు, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకునే కవుల సంపుటాలు. రోజుకు పది గంటలు సీపీయూ పక్కనే. సీపీయూ అంటే లోపల ఉండే చిప్ మాత్రమేనని మావాడు ఎన్నిసార్లు దిద్దినా నాకు నోరు తిరగదు. మన దగ్గర డబ్బా మొత్తం సీపీయూనే, పైనుండే టీవీ లాంటిది కంప్యూటర్. మెట్రో లైను కోసం మా రోడ్డు తవ్వినన్నాళ్లూ మా సిస్టమ్‌లు తిన్న దుమ్ము ఇంతా అంతా కాదు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు మొదలైతే మేం టికెట్ కొనుక్కునే ముందు బ్లోయర్ కొనుక్కున్నాం. అందుకని ఫ్యాన్ల చప్పుళ్లు నాకు కొత్త కాదు. అయినా బోల్తా పడ్డాను.

రెండేళ్ల కిందట, సంక్రాంతి సెలవులు అయిపోయిన మర్నాడు. రాంనగర్‌లో మా ఇంట్లో ఉన్న సిస్టమ్. రాత్రి పదకొండింటికి ఒకాయన శతకానికి చివరి ప్రూఫ్ పెట్టుకుని కూర్చున్నా. టిక్... టిక్... టిక్ అని మొదలైంది. గోడ గడియారమనుకున్నా. పీడీఎఫ్ తీయడానికి బటన్ నొక్కగానే అదే చప్పుడు టకటకటక అయింది, కాసేపటికి బుర్ర్‌మని ఆటో స్టార్ట్ చేసినట్టు ఇల్లంతా మోగింది. పీడీఎఫ్ అయిపోయాక మళ్లీ మెల్లగా టిక్... టిక్.

ఇక్కడే నాకు వెలగాల్సింది. పని పెరిగితే చప్పుడూ పెరిగిందంటే, తిరిగేదేదో దేనికో తగులుతోందన్నమాట. కానీ ఆ రాత్రి నా బుర్రలో ఉన్నది శతకకర్త ఫోన్లు మాత్రమే. పొద్దున్నే ఒక షాపుకి ఫోన్ చేశా. వాళ్లు పంపిన కుర్రాడు వచ్చాడు. చెప్పులు విప్పడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు అతనికి, రోగం చెప్పడానికి.

"అన్నా, ఎస్‌ఎంపీఎస్ పోయింది. మార్చాలె."

ఎస్‌ఎంపీఎస్ అంటే డబ్బా వెనక భాగంలో ఉండి, గోడ కరెంటుని మార్చి లోపలి భాగాలకి అందించే పెట్టె, దానికీ ఒక ఫ్యాన్ ఉంటుంది. రెండువేల నాలుగొందలు. పాతది "నేను తీస్కపోతా అన్నా, మీకెందుకు" అని బ్యాగులో వేసుకున్నాడు. కొత్తది పెట్టాడు, ఆన్ చేశాడు. టిక్... టిక్. మొహంలో రంగు మారలేదు. "అయితే ప్రాసెసర్ ఫ్యాన్ అన్నా." ఇంకో తొమ్మిదొందలు. కొత్త కూలర్ కింద థర్మల్ పేస్ట్ ఎంత పెట్టాడనుకున్నారు? పూరీ మీద కుర్మా వేసినట్టు. కందిగింజంత చాలు అక్కడ. చిప్‌కీ లోహపు దిమ్మకీ మధ్య కంటికి కనపడని గుంటల్లో గాలి నిలవకుండా ఉండడానికే ఆ పేస్ట్. మందంగా పూస్తే వేడి పోవడానికి అదే అడ్డం. అది చాలదన్నట్టు, కొత్త ఫ్యాన్ వైరుని మదర్‌బోర్డుకి పెట్టకుండా ఒక కన్వర్టర్ వేసి నేరుగా ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే మోలెక్స్ పిన్నుకి తగిలించాడు. అంటే దానికి ఎప్పుడూ నిండు 12 వోల్టులు. చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా, మనిషి నిద్రపోతున్నా ఫుల్ స్పీడే. మొత్తానికి డబ్బు కట్టాక టిక్ టిక్‌తో పాటు కొత్తగా ఒక హోరు కూడా వచ్చింది. అప్పుడు అన్నాడండీ, "మదర్‌బోర్డ్ చూడాలన్నా" అని. టీ ఇచ్చి పంపించేశా.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ అదే గదిలో నేలమీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను బల్ల దగ్గర తల పట్టుకుని ఉన్నా. ఉన్నట్టుండి అంది: "ఆ చప్పుడు ఎనకనుంచి గాదు, ఈడ ముంగట మోగుతుంది. జర కిందికొచ్చి ఇనుండ్రి."

వెళ్లి విన్నాను. నిజమే. బల్లమీద నుంచి వింటే చప్పుడు వెనక గోడకి తగిలి వస్తుంది, అందుకే అందరికీ అది ఎస్‌ఎంపీఎస్ లాగే వినపడుతుంది. చేతికి అందిన పెళ్లికార్డు షీటు ఒకటి, దళసరి ఆర్ట్ పేపర్, గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, ఒక కొస డబ్బాకి పెట్టుకుంటూ పోయా. డాక్టరు గుండె చూసినట్టే. వెనక ఫ్యాన్ దగ్గర గాలి హోరు తప్ప ఏం లేదు. పైన ఏం లేదు. ముందు భాగంలో అడుగున పెడితే చెవి గుయ్యిమంది.

ఆపేసి, ప్లగ్గు పీకి, ముందరి ప్లాస్టిక్ ముఖం లాగాను. లోపల 120 మిల్లీమీటర్ల ఫ్యాన్. దాని నడిమి బొడిపె చుట్టూ, రెక్కలకీ ఫ్రేముకీ మధ్య సందులో, ఆకుపచ్చ మాంజా. ఒక చుట్టు కాదు, ఇరవై చుట్లు. ఒక అంగుళం కొస మాత్రం బయటికి పొడుచుకొచ్చి, ఫ్యాన్ తిరిగినప్పుడల్లా ఫ్రేముకున్న పుల్లకి కొట్టుకుంటోంది. అదీ మన టిక్ టిక్.

మావాడు పండగ మూడు రోజులూ డాబా మీద పతంగులెగరేసి, చర్ఖా తెచ్చి ఆ బల్ల కిందే పడేశాడు. తెగిన ముక్కలు నేలమీద ఉన్నాయి. ముందు ఫ్యాన్ పని బయటి గాలిని లోపలికి పీల్చడం, దాంతో పాటు దారం ముక్కనీ పీల్చింది. మామూలు నూలు దారమైతే నాలుగు తిప్పలకి తెగిపోయేది. ఇది నైలాన్. చావదు. పిట్టల గొంతులు, బండి మీద పోయేవాళ్ల గొంతులు కోస్తోందని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దీన్ని నిషేధించింది. అయినా పండగ వారం ముందు ఏ గల్లీలో అడిగినా "చైనాదా, సాదాదా" అని అడిగి మరీ ఇస్తారు. మా ఇంట్లోకే వచ్చిందని తెలిశాక ఎవర్నని ఏమనను?

నెయిల్ కట్టర్‌తో అరగంట కూర్చుని మొత్తం తీశా. ఆన్ చేశా. టిక్ లేదు. కూలర్ వైరు మోలెక్స్ నుంచి తీసి మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న నాలుగు పిన్నుల చోట పెట్టా. హోరూ పోయింది. ఖర్చు సున్నా. అంతకుముందు పెట్టిన మూడువేల మూడొందలు లెక్కలోకి రాకపోతే.

కాబట్టి మీ ఫ్యాన్ సంగతికొస్తే, అది ఏ చప్పుడు చేస్తోందో మీరు రాయలేదు. అసలు విషయమంతా అందులోనే ఉంది. టకటకమంటే ఏదో తగులుతోంది: వైరు, దారం, ఆడవాళ్ల తలవెంట్రుక, ఒకసారి మా షాపులో అయితే గోడమీద బల్లి పుణ్యం. పొద్దున ఆన్ చేయగానే కిర్రుమని, పదినిమిషాలకి సర్దుకుంటే అది బేరింగ్ ఎండిపోవడం. చలికాలంలో మరీ ఎక్కువ. దానికి కొబ్బరినూనె వేసే మహానుభావులున్నారు. డిసెంబర్ పొద్దున మీ బాత్రూంలో సీసాలో కొబ్బరినూనె ఎలా ఉంటుందో చూడండి, ఫ్యాన్ లోపలా అలాగే గడ్డకడుతుంది. స్టిక్కర్ ఎత్తి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేస్తే కొన్ని నెలలు నడుస్తుంది, తర్వాత ఎలాగూ మార్చాలి. ఐదారొందల వస్తువు అది, దానికి సిస్టమ్ మార్చమనేవాణ్ని నమ్మకండి.

తిరిగే చప్పుడు కాకుండా సన్నగా దోమ పాడినట్టు కీచుమంటూ, పేజీ పైకీ కిందకీ జరిపినప్పుడు మారుతోందా? అది చాలాసార్లు ఫ్యాన్ కాదు, బోర్డు మీదో గ్రాఫిక్స్ కార్డు మీదో ఉండే కాయిల్. ఫ్యాన్ ఎన్ని మార్చినా పోదు.

ఎక్కువమందికి ఉండేది మాత్రం వట్టి హోరు. హోరంటే ఫ్యాన్ జబ్బు కాదండీ, అది ఫ్యాన్ మొర. లోపల వేడెక్కుతోంది, ఉన్న ఒక్కణ్ని ఎంతని తిరగను అంటోంది. వేగం రెట్టింపైతే గాలి రెట్టింపే వస్తుంది గాని చప్పుడు 15 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. అందుకే చిన్న ఫ్యాన్ ఒకటి పరిగెత్తడం కన్నా పెద్దవి రెండు నడవడం మేలు. పైగా ఫ్యాన్ ఎంత తిరిగినా గది కన్నా చల్లగా చేయలేదు. హైదరాబాద్‌లో మే నెలలో బయట 40 దాటి, గదిలో 36 ఉంటే, డిసెంబర్‌లో మూగగా ఉన్న సిస్టమే అప్పుడు అరుస్తుంది. అరవనివ్వండి. అరవకపోతే చిప్ తనే వేగం తగ్గించుకుంటుంది, మీరు "హ్యాంగ్ అవుతోంది" అని ఇంకో ప్రశ్న పెడతారు.

మన ఇళ్లలో చేసే పనులు చూస్తే దానికి అరవక తప్పదు కూడా. దుమ్ము పడకూడదని డబ్బాకి పాత టవల్ కప్పుతారు. కంప్యూటర్ టేబుల్లో తలుపున్న అరలో పెట్టి మూసేస్తారు. పక్కనే చీపురు. ఇప్పటి పిల్లలకైతే ముందంతా అద్దం ఉండి, లోపల పెళ్లి పందిరిలా రంగుల లైట్లు వెలిగే క్యాబినెట్ కావాలి. గాలి ఎక్కణ్నుంచి రావాలిరా అంటే, "పక్కన సందు ఉంది నాన్నా" అంటాడు మావాడు. బియ్యపుగింజ పట్టని సందు! ఆరు ఫ్యాన్లు పెట్టి ముక్కు మూస్తే ఏం లాభం?

దుమ్ము మీరే దులుపుకోండి. ప్లగ్గు తీసి, బాల్కనీలోకి తీసుకెళ్లి, బ్లోయర్‌తో. ఒక్క జాగ్రత్త, రెక్కని వేలితో పట్టుకుని ఊదండి. బ్లోయర్ గాలికి అది గిర్రున తిరిగితే చూడ్డానికి సరదాగానే ఉంటుంది, బేరింగ్ మాత్రం పోతుంది, పైగా తిరిగే ఫ్యాన్ డైనమో లాగా వెనక్కి కరెంటు పంపొచ్చు కూడా. ఎస్‌ఎంపీఎస్ మాత్రం విప్పకండి, బయటినుంచి ఊది వదిలేయండి. మన 230 వోల్టుల కరెంటు దాని లోపల 300 పైన డీసీగా కెపాసిటర్లలో చేరుతుంది, ప్లగ్గు తీసినా కాసేపు అక్కడే ఉంటుంది. తర్వాత బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల తెరలో, ఫ్యాన్ సెట్టింగ్ చూడండి. మూడు వైర్ల ఫ్యాన్‌కి అక్కడ పీడబ్ల్యూఎం (నాలుగో వైరుతో వేగం మార్చే పద్ధతి) అని పెట్టి ఉంటే అది ఎప్పుడూ ఫుల్లే తిరుగుతుంది, దాన్ని డీసీ లేదా వోల్టేజ్ అని మార్చాలి. టాస్క్ మేనేజర్ కూడా ఒకసారి తెరవండి, ఏ పనీ చేయకుండానే ప్రాసెసర్ సగానికి సగం వాడుతుంటే లోపల ఎవరో ఉండొచ్చు, మీకు తెలియకుండా నడిచే దొంగ ప్రోగ్రామ్ అన్నమాట. ఊరికే వచ్చిన క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఇలాంటి అద్దెదారులు దిగుతారు. ఎలా తెలుసని అడక్కండి.

నిజంగా ఫ్యానే పోయిందని తేలితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పాత ఫ్యాన్ చేత్తో పట్టుకుని వెళ్లండి. ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్ని వైర్లు అన్న గొడవ ఉండదు. కొత్త సిస్టమ్ ఆలోచన మాత్రం మానేయండి. నేను పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్, మా పేజ్‌మేకర్ 7, వచ్చింది 2001లో, 8 అనేది రానే లేదు. ఆ పనికి రాకెట్ ఎందుకు నాకు?

ఒక్కటే బాధ. ఆ కుర్రాడు పట్టుకుపోయిన నా ఎస్‌ఎంపీఎస్‌కి ఏ రోగమూ లేదు. ఈపాటికి ఎవరి డబ్బాలోనో హాయిగా తిరుగుతూ ఉంటుంది. ఈమధ్య మీరు "అన్నా, పాతదే గాని కండిషన్ మంచిగున్నది" అన్న ఎస్‌ఎంపీఎస్ ఏదైనా కొని ఉంటే వెనక స్విచ్ పక్కన ఒకసారి చూడండి. నల్ల మార్కర్‌తో శ్రీ అని రాసి, దాని కింద దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు ఉంటే అది నాదే.