యేసు గురించి ముస్లిం మిత్రుడితో మాట్లాడే ముందు

చిరంజీవి బాబుకి, ఆశీస్సులు.

నీ స్నేహితుడితో యేసు సంగతి మాట్లాడబోతున్నానని రాశావు. మంచిదే. ముందు పేచీ ఎక్కడ లేదో తేల్చుకోండి. కన్య మరియకు పుట్టాడని, కుష్ఠరోగుల్ని బాగుచేశాడని, ఆయనే మెస్సీయ (అభిషిక్తుడు) అని, మళ్ళీ వస్తాడని వాళ్ళూ నమ్ముతారు. ఖురాన్‌లో 19వ సూరా (అధ్యాయం) పేరే మర్యం. ఇది తెలియక మనవాళ్ళు కన్యకు పుట్టడాన్నే దైవత్వానికి రుజువంటారు. వాళ్ళు ఖురాన్ 3:59 (3వ సూరా, 59వ ఆయతు, అంటే వచనం) తీస్తారు: ఆదాముకి తల్లీ లేదు, తండ్రీ లేడు. వాదన అక్కడే చతికిలబడుతుంది.

అసలు తగవులు రెండు. ఆయన దేవుడా, ప్రవక్తా అన్నదొకటి, సిలువ మీద చనిపోయాడా లేదా అన్నది రెండోది. రెంటినీ ఒకే పూట ఎత్తుకోకు.

మొదటిదానికి 112వ సూరా, 6:101, 4:171 చదువుకుని వెళ్ళు. భార్య లేనిదే దేవుడికి కొడుకెలా అని 6:101 అడుగుతుంది. దేవుడు అలా కన్నాడని మనమూ అనం, ఆ మాట ముందే చెప్పెయ్. త్రిత్వం అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని, అందులో మరియ లేదనీ చెప్పు. 5:116 చదివిన చాలామందికి ఆ అనుమానం ఉంటుంది. 325లో నైసియాలో కూడిన క్రైస్తవ బిషప్పుల సభ చెప్పింది వేరు: కుమారుడు సృష్టి కాడు, తండ్రితో ఏక స్వభావం గలవాడు. దీన్ని ఇస్లాం ఒప్పుకోదు. తేడా ఇక్కడే ఉంది, మొహమాటానికి పోయి దాన్ని పలచన చేయకు.

4:171లో ఈసాను (యేసును) దేవుని వాక్యం అన్నారు కదా అని ఎగిరి పట్టుకోకు. ‘ముగ్గురు అనకండి’ అన్నదీ అదే ఆయతు. అతను బైబిల్లో మార్కు 13:32, ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అన్న యోహాను 14:28 చూపిస్తాడు. నువ్వు తోమా యేసును ‘నా ప్రభువా, నా దేవా’ అన్న యోహాను 20:28 చూపిస్తావు. ఏ వచనమైనా అధ్యాయం మొత్తం చదివాకే మాట్లాడండి. ఆ దినం కుమారునికీ తెలియదన్న మార్కు మాటను, 451లో కల్సెదోను సభ చెప్పిన రెండు స్వభావాలను (దైవ, మానవ) బట్టి సంఘం అర్థం చేసుకుంటుంది. అతనికి అది సాకులా అనిపించవచ్చు, అననీ.

బలహీనమైన సాక్ష్యాలు ఇద్దరూ పక్కన పెట్టండి. బైబిల్లో లేని, ముస్లింలు కొందరు చూపించే బర్నబా సువార్త యేసు మెస్సీయ కాదంటుంది, ఖురాన్ అవునంటుంది. అది అతనికే అడ్డం తిరుగుతుంది. కింగ్ జేమ్స్ బైబిల్లోని 1 యోహాను 5:7 నువ్వు వాడకు. ఆ ‘ముగ్గురు ఏకం’ మాట పాత గ్రీకు ప్రతుల్లో లేదు.

అతని నమ్మకాన్ని నీ నోటితో చెప్పి, ‘అవును, ఇదే’ అని అతను అనేదాకా జవాబివ్వకు. అతన్నీ అలాగే చేయమను. పదిమంది ముందు మాత్రం వద్దు, అక్కడ గెలుపోటములు వచ్చిపడతాయి. ఖురాన్ నేలమీద పెట్టకు, దానిమీద మరో పుస్తకం పెట్టకు. పేజీలు అతన్నే తిప్పమను.

సిలువ మాటకి కూర్చునే రోజు, ఆయన్ని సిలువ వేయలేదన్న ఖురాన్ 4:157తో పాటు, దేవుడు ఆయన్ని తన దగ్గరికి ఎత్తుకోవడం చెప్పే 3:55 కూడా చదివి వెళ్ళు. ఆ ఆయతుల మీద వాళ్ళ వ్యాఖ్యాతల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి.

మీ పెదనాన్న