పిల్లల్ని హోమ్‌కు పంపే ఆ రెండు లైన్లు

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీలో నాలుగో ఏడాది. కంపెనీ ఉద్యోగం వద్దు, బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) కేసుల్లో పనిచేస్తానంటోంది. ‘ఫలానా హోమ్‌లో ఉంచవలెను’ అని రెండు లైన్లు రాయడానికి లా చదవాలా? దీంతో బతకగలదా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ రెండు లైన్ల సంగతి చూద్దాం. రక్షణ అవసరమైన పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తేల్చేది ఈ కమిటీయే. ఇంట్లోంచి వెళ్లిపోయిన పదిహేడేళ్ల అమ్మాయిని పోలీసులు కమిటీ ముందుకు తెచ్చారనుకోండి. మన జిల్లాల్లో ఇది కొత్తేమీ కాదు. కన్నవాళ్లు ‘మాతో పంపేయండి’ అంటారు. అమ్మాయేమో ‘వెళ్తే నెలలోపే ఎవరికో ఇచ్చి పెళ్లి చేసేస్తారు’ అంటుంది. ఇక్కడ ‘ప్రేమ వ్యవహారం కారణంగా హోమ్‌కు పంపడమైనది’ అని రాస్తే అది రక్షణ కాదు, శిక్ష.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం అడిగేది వేరు. సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు ఎవరో సెక్షన్ 2(14) చెబుతుంది. తల్లిదండ్రులే బాల్యవివాహం చేసే ముప్పు ముంచుకొచ్చిన పిల్లలూ అందులో ఉన్నారు. ఏ క్లాజు కిందికి వస్తుందో, ఏ ఆధారంతో ఆ నిర్ణయానికి వచ్చారో ఉత్తర్వులో కనిపించాలి. సెక్షన్ 3 ప్రకారం సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం. కాబట్టి అమ్మమ్మ ఇంట్లోనో మేనత్త దగ్గరో ఉంచడం ఎందుకు కుదరదో చెప్పాలి. పిల్ల ఏమందో, మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారో కూడా రాయాలి. పిల్లల మీద ముద్ర వేసే మాటలు వాడొద్దని అదే సెక్షన్ అంటుంది. అయినా ‘లేచిపోయిన బాలిక’ లాంటి మాటలు ఫైళ్లలోకి దూరుతూనే ఉంటాయి, ఇంకా మన వాళ్లకు ఆ పట్టింపు రాలేదు.

పైగా అన్నిటికీ గడువులున్నాయి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో పిల్లను కమిటీ ముందుంచాలి, సామాజిక విచారణ (పిల్ల ఇంటి పరిస్థితుల ఆరా) 15 రోజుల్లో ముగించాలి. ఉత్తర్వు నచ్చనివారు 30 రోజుల్లో బాలల కోర్టుకు అప్పీలుకు వెళ్లొచ్చు. కారణాలు లేని ఉత్తర్వు అక్కడ నిలవడం కష్టం. లాయరు ఎందుకని అడిగారు కదా, ఇందుకే.

ఇక బతుకుతెరువు. కేంద్రం బాలల పరిరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్ పోస్టు ఉంటుంది. సాధారణంగా కాంట్రాక్టే. జీతం కార్పొరేట్ ఫర్మ్ దరిదాపుల్లో ఉండదు, ఆ టెన్షన్‌కు ఇంట్లో ముందే సిద్ధపడండి. కమిటీలో అధ్యక్షులు కాక నలుగురు సభ్యులుంటారు. లా పట్టా ఆ సభ్యత్వానికి పనికొస్తుంది, కానీ పిల్లల రంగంలో ఏళ్ల అనుభవం వచ్చాకే ఆ ఆలోచన. నిలకడైన దారి కావాలంటే సివిల్ జడ్జి పరీక్ష ఉంది. దానికి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది. నేరారోపణ ఉన్న పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో ఇద్దరు సామాజిక కార్యకర్తలతో పాటు కూర్చునేదీ ఈ దారిలో వచ్చిన మేజిస్ట్రేటే.

నా సలహా: ఎల్‌ఎల్‌ఎం తొందర వద్దు. చదువు అవగానే జిల్లా కోర్టులో ఒక సీనియర్ దగ్గర చేరి ప్రాక్టీసు మొదలుపెట్టనివ్వండి, ఆ మూడేళ్లూ అలాగే పూర్తవుతాయి. పక్కన ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పిల్లల కేసులు అడిగి తీసుకోవచ్చు. ఈలోగా సెలవుల్లో అనుమతి తీసుకుని ఏదైనా బాలల సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయనివ్వండి. అక్కడ చూసిన పిల్లల పేర్లు, ఫొటోలు బయట పెట్టడం అదే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద నేరమని మాత్రం మొదటి రోజే చెప్పి పంపండి.