నార్త్ కరోలినా రెగ్యులేటర్ల తిరుగుబాటుకు కారణం పన్నులేనా?

అప్పట్లో బ్రిటిష్ వలస అయిన నార్త్ కరోలినాలో రెగ్యులేటర్లని పేరుపడ్డ రైతులు పన్నుల భారం మోయలేక బ్రిటిష్ రాజు మీద తిరగబడ్డారా, ఇది అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి తొలిపోరా అని అడిగారు. రాజుతో వాళ్లకు పేచీ లేదు. చట్టంలో ఎంత రాసుందో అంతే తీసుకోండి, తీసుకున్నదానికి లెక్క చూపండి అన్నదే ఆరెంజ్, రోవాన్, ఆన్సన్ కౌంటీల రైతులు 1766 నుంచీ చెప్పిన మాట.

కౌంటీ అధికారులు బతికేది రుసుముల మీద. దస్తావేజు నమోదుకు, సమన్లకు, జప్తుకు, ఇలా పని పనికీ ఒక రేటు. ఒక్క పనినే రెండు మూడుగా విడగొట్టి ఒక్కోదానికీ విడిగా వసూలు చేయడం గుమాస్తాలకు అలవాటు. ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి? ఆరెంజ్‌లో ఎడ్మండ్ ఫానింగ్ ఒక్కడే రిజిస్ట్రారు, లాయరు, మిలీషియా (స్థానిక పౌరసేన) కల్నలు, శాసనసభ్యుడు. కౌంటీ జస్టిస్‌లను, అంటే కౌంటీ కోర్టు న్యాయమూర్తులను, గవర్నరు నియమిస్తాడు, షెరీఫు పదవికి పేర్లు వాళ్లు పంపుతారు, అందులోంచి ఒకరిని మళ్లీ గవర్నరే ఎంచుకుంటాడు. అంతా ఒకే ముఠా.

దీనికి నగదు కరువు తోడైంది. 1764 కరెన్సీ చట్టం కాగితపు డబ్బును కట్టడి చేసింది. తలపన్ను మాత్రం భూమి ఎంతున్నా తలకింత అని నగదులోనే కట్టాలి. గాదెలో గింజలున్న రైతు చేతిలో షిల్లింగు ఉండదు. 1768లో ఆరెంజ్ షెరీఫు తాను ఐదు చోట్ల మాత్రమే వసూలు చేస్తానని, అక్కడికి రానివాళ్ల దగ్గర 2 షిల్లింగుల 8 పెన్నీలు అదనంగా తీసుకుంటానని ప్రకటించాడు. కట్టకపోతే పశువో గుర్రమో జప్తు, ఆపైన అయినకాడికి వేలం. కొనగలిగేది నగదున్నవాళ్లే, అంటే చాలాసార్లు కోర్టు చుట్టూ తిరిగేవాళ్లే. చిన్న బాకీకి దున్నే గుర్రం పోయేది. నా దృష్టిలో తిరుగుబాటుకు అసలు మూలం ఇదే. 1768 ఏప్రిల్‌లో జప్తయిన ఒక గుర్రాన్ని విడిపించడానికే రైతులు ఆరెంజ్ కౌంటీ కోర్టున్న ఊరు హిల్స్‌బరో మీదికి వెళ్లారు, ఫానింగ్ ఇంటి మీద తుపాకులు పేల్చారు.

వసూలైన సొమ్మైనా ఖజానాకు చేరిందా అంటే అదీ లేదు. షెరీఫులు సగానికి పైగా మింగేశారని 1767లో గవర్నరు ట్రయానే రాశాడు. అయినా న్యూబర్న్‌లో ఆయన భవనానికి శాసనసభ మొత్తం 15,000 పౌండ్లు మంజూరు చేసింది. ఆ సభలో తూర్పున కొన్ని పాత కౌంటీలకు ఐదేసి సీట్లు, జనం పెరుగుతున్న ఈ పడమటి కౌంటీలకు రెండేసి.

రైతులు ముందు చట్టం దారినే నడిచారు. 1766 అక్టోబరులో మాడక్స్ మిల్లు దగ్గర ముఖాముఖి మాట్లాడుకుందామని పిలిస్తే అధికారులు రాలేదు. 1768లో ఎక్కువ రుసుము తీసుకున్నట్టు ఫానింగ్ మీద నేరం రుజువైంది. శిక్ష ఒక్కో ఆరోపణకు ఒక పెన్నీ! ఆ తీర్పు తర్వాత కోర్టు మీద నమ్మకం ఎలా మిగులుతుంది? 1770 సెప్టెంబరులో హిల్స్‌బరో కోర్టును చెదరగొట్టి ఫానింగ్‌ను కొట్టారు, ఇంటిని కూల్చారు. 1771 మే 16న అలమాన్స్ దగ్గర ట్రయాన్ సేన వాళ్లను ఓడించింది. జూన్‌లో ఆరుగురిని ఉరితీశారు.

తొలిపోరు అనడం ఎందుకు కుదరదంటే, ఆ రోజు ట్రయాన్ పక్షాన నిలిచిన రిచర్డ్ కాస్వెల్ 1776లో స్వతంత్ర నార్త్ కరోలినాకు మొదటి గవర్నరయ్యాడు.

కారణాలు రైతుల నోటే వినాలంటే 1769 అక్టోబరు నాటి ఆన్సన్ అర్జీ చదవండి. రహస్య ఓటు, ఆస్తిని బట్టి పన్ను, నగదు బదులు పంట, ప్రధాన న్యాయమూర్తికి రుసుములు కాక జీతం మాత్రమే, గుమాస్తాల రుసుములకు హద్దు అని వరసగా అడిగారు.